రెడ్ లైట్‌కు ముందు సీరమ్, సన్‌స్క్రీన్ రాసుకోవచ్చా? ఖాళీ ముఖంతోనే కూర్చోవాలా?

కావలి నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. కొంచెం కుదించి రాస్తున్నాను: "ఇంట్లో వాడుకోవడానికి ఎల్‌ఈడీ రెడ్ లైట్ మాస్క్ కొన్నాను. ముందు విటమిన్ సి సీరమ్ రాసుకుని పెట్టుకుంటే అది లోపలికి బాగా వెళ్తుందని ఒక వీడియోలో చెప్పారు. నిజమేనా? పొద్దున రాసుకున్న సన్‌స్క్రీన్ మీదే పెట్టుకోవచ్చా? మా అమ్మ పసుపు, మీగడ కలిపి పట్టించుకుని కూర్చోమంటోంది. నాకు 34 ఏళ్లు. బుగ్గల మీద మంగు మచ్చలు ఉన్నాయి. రాత్రిపూట మెడికల్ షాపులో ఇచ్చిన క్రీమ్ ఒకటి వాడుతున్నాను."

నేను నెల్లూరు పొగతోటలో ఒక చర్మ వ్యాధుల క్లినిక్‌లో పన్నెండేళ్లుగా లైట్, లేజర్ మిషన్ల దగ్గర పని చేస్తున్నాను. చదివింది జనరల్ నర్సింగ్. డాక్టర్ని కాను, మందులు రాయడం నా పని కాదు. కానీ మిషన్ కింద కూర్చోబెట్టే ముందు ప్రతి ఒక్కరి ముఖం కడిగించేది నేనే. ఎవరు ఏం రాసుకుని వస్తారో, దానివల్ల ఏమవుతుందో రోజూ చూస్తున్నాను.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. కడిగి, తుడిచి, బాగా ఆరిన ఖాళీ ముఖంతోనే కూర్చోండి. సీరమ్, క్రీమ్ ఏదైనా లైట్ అయ్యాకే. కడిగాక చర్మం మరీ లాగేసినట్టు అనిపిస్తే, నీళ్లలా పల్చగా, రంగు లేకుండా ఉండే హైలురోనిక్ ఆసిడ్ సీరమ్ రెండు చుక్కలు రాసుకుని, అది ఇంకిపోయాక పెట్టుకోవచ్చు. అంతకు మించి వద్దు. సన్‌స్క్రీన్ మీద పెట్టుకోవద్దు. పసుపు, మీగడ కూడా వద్దు. మీరు చివర్లో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన ఆ మెడికల్ షాపు క్రీమ్ ఉంది చూశారా, నాకు టెన్షన్ పెట్టింది అదే. దాని సంగతి చివర్లో రాస్తాను. దయచేసి అక్కడిదాకా చదవండి.

ఖాళీ ముఖం ఎందుకంటే, రాత్రి లైట్లు ఆర్పేసి ఫోన్ టార్చి మీద వేళ్లు అదిమి పెట్టి చూడండి. వేళ్లు ఎర్రగా వెలుగుతాయి. టార్చిలో అన్ని రంగులూ ఉన్నాయి. అందులో నీలం, ఆకుపచ్చలను మన రక్తం, చర్మం చాలావరకు పీల్చేసుకుంటాయి. ఎరుపు మాత్రమే దాటుకుని ఇవతలికి వస్తుంది. ఈ చికిత్సకు ఎర్ర రంగునే ఎంచుకోవడానికి ముఖ్యమైన కారణం ఇదే. మాస్కుల్లో వాడేది దాదాపు 630 నుంచి 660 నానోమీటర్ల ఎరుపు. కొన్నింటిలో దానితోపాటు 830 ప్రాంతంలో ఉండే, కంటికి కనిపించని నియర్ ఇన్‌ఫ్రారెడ్ కూడా ఉంటుంది. ఆ వెలుగు చర్మం లోపలి కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాకు చేరాలి. అక్కడ సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ దాన్ని అందుకుంటుందని, దానితో కణానికి శక్తి తయారయ్యే పని ఊపందుకుంటుందని ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. అంటే ఇక్కడ మందు వెలుగే. అది పైపూత దగ్గరే ఆగిపోతే లోపలికి చేరేది తగ్గిపోతుంది.

లెక్క కూడా చిన్నదే. చాలా మాస్కుల పెట్టె మీద చదరపు సెంటీమీటరుకు ఇన్ని మిల్లీవాట్లు అని రాసి ఉంటుంది. 30 అనుకుందాం. పది నిమిషాలంటే 600 సెకన్లు. 30ని 600తో గుణించి వెయ్యితో భాగిస్తే చదరపు సెంటీమీటరుకు 18 జౌళ్ల వెలుగు శక్తి. పైన పట్టించిన క్రీమ్ అందులో మూడో వంతు ఆపేసిందనుకోండి, చర్మానికి దక్కేది 12. అలాగైతే ఇంకో ఐదు నిమిషాలు ఎక్కువ కూర్చుంటే సరిపోతుంది కదా అని అడుగుతారు. ఏ పూత ఎంత ఆపుతుందో మీకు తెలియదు, నాకూ తెలియదు, రోజూ ఒకే మందంలో రాసుకోరు కూడా. పైగా ఈ చికిత్సలో ఎక్కువైతే ఎక్కువ మేలు అనేది లేదు. ఒక హద్దు దాటాక ఫలితం తగ్గుతుంది కూడా. అందుకే ఆ అడ్డు తీసేసి, కంపెనీ చెప్పిన నిమిషాలే కూర్చోమంటాను.

ఇక సీరమ్ లోపలికి వెళ్తుందన్న మాట. రెడ్ లైట్ దేన్నీ లోపలికి తోయదు. సన్నటి కరెంటుతో మందును చర్మంలోకి పంపే మిషన్లు వేరే ఉన్నాయి, అల్ట్రాసౌండ్‌తో పంపేవీ ఉన్నాయి. వాటిని చూసినవాళ్లు అన్ని మిషన్లూ అంతేననుకుంటారు. మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను. లైట్ దగ్గరికి రాకముందు నేను పని నేర్చుకున్నది లేజర్‌తో వెంట్రుకలు తీసే మిషన్ మీద. అక్కడ చర్మం కాలకుండా చల్లటి జెల్ పట్టించాలి. ఆ అలవాటుతో ఎల్‌ఈడీ కింద కూర్చునేవాళ్లకు కూడా జెల్ రాసేదాన్ని. అది లేత నీలం రంగు జెల్. రెండు వారాల తర్వాత మా డాక్టరుగారు చూసి, ఒక గాజు పలక మీద ఆ జెల్ మందంగా పూసి, ఎర్ర లైట్ ముందు పెట్టి చూపించారు. పూసినచోట వెలుగు మసకబారింది. "నీలంగా ఎందుకు కనిపిస్తోందమ్మా అది? ఎరుపును మింగేస్తోంది కాబట్టి" అన్నారు. ఆ రెండు వారాలు వచ్చినవాళ్లందరికీ ఫోన్ చేసి, డబ్బు తీసుకోకుండా మళ్లీ సెషన్లు ఇచ్చాం.

ఆ గాజు పలక పరీక్ష మీరూ చేసుకోవచ్చు. ఇంట్లో ఏదైనా గాజు గ్లాసు చాలు. మీరు వాడే క్రీమ్ దాని మీద ముఖానికి రాసుకునేంత మందంలో పూసి, మాస్కు వెలుగుకు అడ్డంగా పెట్టి చూడండి. పూసిన చోటు, పూయని చోటు ఒకేలా ఉంటే ఆ పూత పెద్ద అడ్డు కాదు. పాలలా తెల్లబడితే వెలుగు చెదిరిపోతోంది. మసకబడితే మింగేస్తోంది. నూటికి ఇంత అని దీనితో తేలదుగానీ, ఏది వద్దో తెలుసుకోవడానికి సరిపోతుంది.

సన్‌స్క్రీన్ సంగతి ఇక్కడే తేలిపోతుంది. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్నవి తెల్లటి పొడి రేణువులు. అవి వెలుగును నలుదిక్కులకూ చెదరగొడతాయి. ఇళ్లలో ఉండే గులాబీ రంగు కాలమైన్ లోషన్ కూడా ఈ జాతిదే, అందులోనూ జింక్ ఆక్సైడే. చర్మం రంగు కలిపిన టింటెడ్ సన్‌స్క్రీన్లలో ఐరన్ ఆక్సైడ్ ఉంటుంది. అది కంటికి కనిపించే వెలుగును కూడా కొంత ఆపుతుంది, ముఖ్యంగా నీలి వైపును. మంగు ఉన్నవాళ్లకు పగటిపూట డాక్టర్లు ఈ టింటెడ్ రకమే చెప్పడానికి కారణం అదే. పగలు మిమ్మల్ని కాపాడే ఆ గుణమే లైట్ సమయంలో అడ్డవుతుంది. కెమికల్ సన్‌స్క్రీన్లు అతినీలలోహిత (యూవీ) కిరణాలనే పీల్చుకుంటాయి, ఎరుపును ఆపవు. అయినా వాటినీ కడిగేయమంటాను. పొద్దున రాసిన సన్‌స్క్రీన్ సాయంత్రానికి సన్‌స్క్రీన్‌గా ఉండదు. చెమట, దుమ్ము, పౌడరు అన్నీ కలిసిన పొర అవుతుంది.

ఆత్మకూరు నుంచి ఒక టీచరమ్మ వచ్చేవారు. స్కూలు అయ్యాక బస్సెక్కి, నేరుగా క్లినిక్‌కు. ఆరు వారాలు వచ్చారు, తేడా ఏమీ లేదని బాధపడ్డారు. అప్పటికి ఆవిడ ముఖం కడుక్కుని వచ్చానంటే నమ్మి కూర్చోబెట్టేవాళ్లం. ఒకరోజు అనుమానం వచ్చి తెల్ల దూదికి క్లెన్సర్ అద్ది బుగ్గ మీద తుడిచాను. దూది చందనం రంగులోకి వచ్చింది. బస్టాండులో నీళ్లతో కడుక్కునేవారట. ఆమె వాడేది నీటికి పోని రకం సన్‌స్క్రీన్. ఆ రోజు నుంచి ఎవరు కడుక్కున్నామన్నా మళ్లీ కడిగిస్తున్నాను. ఆవిడ ముఖం తర్వాతి రెండు నెలల్లో బాగానే నునుపు తేలింది. కడగడం ఒక్కటే కారణమని అనను, పడుకునే వేళలు కూడా మార్చుకున్నారు. కానీ ఆ ఆరు వారాల ఖర్చు మాత్రం సగానికి సగం వృథా అయిందనే నా నమ్మకం.

కడగడం ఎలాగంటే: సన్‌స్క్రీన్, మేకప్ ఉన్న రోజు ముందు మేకప్ తుడిచే మైసెల్లార్ వాటర్‌తోగానీ, మొటిమలు లేనివాళ్లయితే నాలుగు చుక్కల కొబ్బరి నూనెతోగానీ తుడవాలి. తర్వాత నురగ ఎక్కువ రాని మామూలు ఫేస్ వాష్. ఒంటి సబ్బు వద్దు, ముఖం ఎండిపోతుంది. సున్నిపిండితో రుద్దుకుని రావద్దు, గీరుకున్న చర్మం మీద ఏది పెట్టినా మండుతుంది. నూలు తువ్వాలుతో అద్ది, ఐదు నిమిషాలు ఫ్యాను కింద ఆరనివ్వండి. రోహిణి కార్తెలో మన దగ్గర ముఖం ఆరేలోపే మళ్లీ చెమట పడుతుంది. ఆ రోజుల్లో రాత్రి తొమ్మిది దాటాక పెట్టుకోండి. మాస్కు లోపల వేడి చేరితే మంగు ఉన్నవాళ్లకు మంచిది కాదు. వేడి కూడా మంగును రెచ్చగొడుతుంది.

బొట్టు, కాటుక, విభూతి గురించి కూడా చాలామంది అడుగుతారు. తీసేయడం మంచిదే. విభూతి తెల్లటి బూడిద, వెలుగును చెదరగొడుతుంది. కుంకుమ ఎర్రగా ఉన్నదంటేనే ఎరుపును వెనక్కి పంపుతోందని అర్థం. కాటుక నలుపు, అన్నిటినీ పీల్చి వేడెక్కుతుంది. అయితే నుదుటి మీద చిన్న బొట్టు ఉంటే కొంప మునిగేదేమీ లేదు. పెద్దవాళ్లు బొట్టు తీయడానికి ఇష్టపడకపోతే నేను బలవంతం చేయను, ఆ చుక్క మేర చర్మానికి వెలుగు తగలదు, అంతే.

పసుపు మాత్రం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ అమ్మగారి ఆలోచనలో తప్పు లేదు, వేళ మాత్రమే తప్పు. పసుపు పసుపురంగులో ఉండేది నీలి వెలుగును పీల్చుకోవడం వల్ల. ఎరుపును అది పెద్దగా ఆపదు. ఆపేది మీగడ, శనగపిండి. ఆ మందపాటి పట్టులోంచి వెలుగు సరిగా వెళ్లదు. కానీ మీ మాస్కులో ఎరుపు ఒక్కటే ఉందా, నీలం బటన్ కూడా ఉందా? ఇప్పుడు అమ్మే వాటిలో చాలావాటికి ఎరుపు, నీలం రెండూ ఉంటున్నాయి. పసుపులోని కర్క్యుమిన్ నీలి వెలుగు పడితే చురుగ్గా స్పందిస్తుంది. క్రిములను చంపడానికి ఆ రెండింటినీ కలిపి ప్రయోగశాలల్లో వాడి చూస్తుంటారు. అలాంటిదాన్ని ముఖానికి పట్టించుకుని ఇంట్లో ప్రయోగం చేయకూడదు. మంగు ఉన్నవాళ్లు నీలం బటన్ అసలు నొక్కవద్దు. అది 415 నానోమీటర్ల ప్రాంతంలో ఉంటుంది, మొటిమల క్రిముల కోసం పెట్టింది. మనలాంటి చామనఛాయ చర్మాల్లో ఆ నీలి, ఊదా వెలుగు నలుపును పెంచుతుంది. ఎరుపుకు ఆ గుణం చాలా తక్కువ. పసుపు, మీగడ పెట్టుకోవాలనుకుంటే వేరే రోజు పెట్టుకుని, శుభ్రంగా కడిగేసుకోండి.

మీరు అడగలేదుగానీ, నెల్లూరు జిల్లాలో ఉండి నిమ్మకాయ సంగతి చెప్పకుండా ఉండలేను. పొదలకూరు వైపు నుంచి ఒకమ్మాయి వచ్చేది. వాళ్లది నిమ్మ వ్యాపారం, ఇంట్లో ఎప్పుడూ బస్తాల కాయలు. మచ్చలు పోతాయని నిమ్మరసం రాసుకుని, ఆరాక వచ్చింది. లోపలికి వచ్చాక కడిగించాను. లైట్ అయ్యాక మధ్యాహ్నం ఒంటిగంట ఎండలో బస్టాండుకు నడిచి వెళ్లింది. రెండు రోజుల తర్వాత వాళ్ల నాన్న కోపంగా ఫోన్ చేశారు. "ఏంది మేడం, మీ లైటుకి మా పిల్ల మొహం కమిలిపొయ్యుండాది" అని. రమ్మన్నాం. చెంప మీద నుంచి మెడ మీదికి గోధుమరంగు చారలు, నీళ్లు కారిన దారిలాగా. లైట్ వల్ల కాలితే చారలు పడవు. రసం కారినచోటే కమిలింది. మెడ కిందికి కారిన రసం నేను కడిగించిన చోటుకు బయటే ఉండిపోయింది. చెంప మీద కూడా నీళ్లు సరిగా తగల్లేదు. నిమ్మజాతి కాయల్లో, ముఖ్యంగా తొక్కలో, ఫ్యూరోకౌమరిన్లు అనేవి ఉంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండ తగిలితే, ఎండలోని అతినీలలోహిత కిరణాలతో కలిసి చర్మాన్ని కాలుస్తాయి. ఆ చారలు పోవడానికి నాలుగు నెలలు పట్టింది. బావంచాల నూనె కూడా ఇలాంటిదే. బొల్లికి వాడే మందు అది, దాని గుణమే ఎండకు చర్మాన్ని మేలుకొలపడం. డాక్టరు చెప్పకుండా, అందం కోసమని ముఖానికి రాయవద్దు.

నేను ఇన్నేళ్లలో చూసిన ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఇలాంటివే. రెడ్ లైట్ వల్ల జరిగినవి తక్కువ. ముఖానికి రాసినదాని వల్ల, ఆ తర్వాత తగిలిన ఎండ వల్ల జరిగినవి ఎక్కువ. చివరికి నింద మాత్రం లైట్ మీద పడుతుంది.

అలాగని ఎర్ర వెలుగు ఏ పూత మీద పడినా నిరపాయమని అనుకోవద్దు. అమినోలెవులినిక్ ఆసిడ్ అనే మందు ఉంది. దాన్ని చర్మానికి రాసి, కొన్ని గంటలు ఆగి, కావాలనే 630 ప్రాంతపు ఎర్ర లైట్ వేసి చెడిపోయిన కణాలను చంపే చికిత్స చర్మ వైద్యంలో ఉంది. బాగా మండుతుంది, డాక్టరు పక్కనే ఉంటారు. అంటే ఎరుపును పట్టుకునే పదార్థం చర్మంలో ఉంటే, మామూలు ఎర్ర లైటే గట్టి మందుగా మారిపోతుంది. మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు మందు కూడా ఎరుపును గట్టిగా పీల్చుకునేదే. ఈ మధ్య వీడియోలు చూసి దాన్ని ముఖానికి వాడేవాళ్లు వస్తున్నారు. అది రాసుకుని లైట్ ముందు కూర్చోవద్దు. కాపర్ పెప్టైడ్ సీరమ్‌లు నీలంగా ఉంటాయి చూడండి, వాటిని కూడా తర్వాతకే ఉంచుకోండి.

విటమిన్ సి సీరమ్ వల్ల లైట్‌కు పెద్ద అడ్డు లేదు. కానీ అది పులుపు. అప్పుడే కడిగిన చర్మం మీద, మాస్కు బిగించిన వెచ్చదనంలో చురుక్కుమంటుంది. లైట్ అయ్యాక, ముఖం చల్లబడ్డాక రాసుకోండి. ఇంకా మంచిది, రాత్రి లైట్, పొద్దున విటమిన్ సి, దాని మీద సన్‌స్క్రీన్. గ్లైకాలిక్ ఆసిడ్, సాలిసిలిక్ ఆసిడ్, బెంజాయిల్ పెరాక్సైడ్ లాంటివి కూడా ముందు వద్దు. రెటినాల్, ట్రెటినోయిన్ రాసేవాళ్లు లైట్ అయ్యాక పావుగంట, ఇరవై నిమిషాలు ఆగి, పొడి చర్మం మీద రాసుకోవాలి. పొట్టు లేస్తూ, మండుతూ ఉంటే ఆ రోజు రెండూ మానేయండి. నియాసినమైడ్, గ్లిజరిన్ ఉన్న మాయిశ్చరైజర్ లైట్ అయిన వెంటనే రాసుకోవచ్చు. బ్యూటీ పార్లర్‌లో బ్లీచ్ చేయించుకున్న రోజు, వ్యాక్సింగ్, థ్రెడింగ్ చేయించుకున్న రోజు మాస్క్ పక్కన పెట్టండి. పెళ్లిళ్ల సీజన్‌లో అన్నీ ఒకే రోజు చేయించుకుని వచ్చే పెళ్లికూతుళ్లను నేను వెనక్కి పంపేస్తాను. వాళ్లకు కోపం వచ్చినా సరే.

జుట్టు కోసం లైట్ టోపీ వాడేవాళ్లూ ఇది చదువుతుంటారు కాబట్టి ఒక మాట. తలకు నూనె పెట్టి టోపీ పెట్టుకోవద్దు. జుట్టే పెద్ద అడ్డు, దాని మీద నూనె, దుమ్ము ఇంకో అడ్డు. పాపిళ్లు తీసి, మాడుకు వెలుగు తగిలేలా చూసుకోవాలి. ఈ చికిత్సకు మొదలే అక్కడ పడింది. హంగరీలో ఎండ్రే మెస్టర్ అనే డాక్టరు 1967లో, లేజర్ వల్ల క్యాన్సర్ వస్తుందేమో చూద్దామని ఎలుకల వీపు మీద వెంట్రుకలు గీయించి ఎర్ర లేజర్ వేశారు. క్యాన్సర్ రాలేదు, వెంట్రుకలు మాత్రం తొందరగా మొలిచాయి. ఆయన చూసింది కూడా నున్నగా గీసిన చర్మం మీదే. జుట్టు మొలవడానికి మాడుకు రాసే మినాక్సిడిల్ మందు వాడేవాళ్లు దాన్ని టోపీ తీసేశాకే రాసుకోవాలి.

ఇంకో పొరపాటు కూడా చెప్పాలి. ఫిజియోథెరపీ వాళ్ల దగ్గర ఉండే పెద్ద ఎర్ర బల్బు, మనం మాట్లాడుతున్న రెడ్ లైట్ ఒకటి కాదు. అది వేడి కోసం వాడే ఇన్‌ఫ్రారెడ్ దీపం. ఇందుకూరుపేట వైపు నుంచి ఒక పెద్దాయన మోకాలికి నొప్పుల బామ్ దట్టంగా పట్టించి ఆ బల్బు ముందు అరగంట కూర్చున్నారు. బొబ్బలెక్కింది. బామ్ మంటకు అలవాటుపడి, కాలుతున్న సంగతి ఆయనకు తెలియలేదు. షుగరు ఉంది కాబట్టి మానడానికి నెలపైనే పట్టింది. ఆ బల్బును ముఖానికి అసలు వాడవద్దు.

కళ్లకు పూత ఏదీ వద్దు, రక్షణ మాత్రం తప్పదు. మాస్కుతో వచ్చిన కళ్లజోడు పెట్టుకోండి, కళ్లు మూసుకోండి. 2019లో ఒక పెద్ద కంపెనీ కళ్ల విషయంలో అనుమానాలు వచ్చి తన లైట్ మాస్కులను మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది. మొటిమలకు డాక్సీసైక్లిన్ మాత్రలు వాడేవాళ్లు, లూపస్ ఉన్నవాళ్లు, మూర్ఛలు వచ్చేవాళ్లు, కంటి జబ్బులున్నవాళ్లు ముందు డాక్టరుకు చెప్పి, వాళ్లు సరేనంటేనే మొదలుపెట్టాలి.

ఇప్పుడు మీ రాత్రి క్రీమ్ దగ్గరికి వస్తున్నాను.

మంగు అనగానే కొన్ని మెడికల్ షాపుల్లో చేతిలో పెట్టే ట్యూబుల్లో మూడు మందులు కలిసి ఉంటాయి: హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, ఒక స్టెరాయిడ్. ఆ కలయికను డాక్టర్లు కూడా వాడతారు. కానీ కొన్ని వారాలపాటు, కళ్ల ముందు పెట్టుకుని వాడతారు. షాపులో తీసుకున్నవాళ్లు నెలలు, ఏళ్లు రాస్తారు. మొదటి నెల ముఖం తెల్లగా మెరుస్తుంది. అందుకే ఎవరూ మానరు. తర్వాత చర్మం పల్చబడి, సన్నటి ఎర్ర నరాలు తేలి, మొటిమలు, వెంట్రుకలు వచ్చి, ఎండలోకి వెళ్తే మండిపోతుంది. మానేస్తే రెండింతలు ఎర్రబడుతుంది. అందుకని మళ్లీ రాస్తారు. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా చీటీ లేకుండా తెచ్చుకున్న ట్యూబులు సంచిలో వేసుకుని మా దగ్గరికి ఇప్పటికీ వస్తూనే ఉన్నారు.

నిరుడు ముత్తుకూరు దగ్గర రొయ్యల చెరువుల మీద పని చేసే ఒక అబ్బాయి వచ్చాడు. పాతికేళ్లుంటాయి. ఇంట్లో రెడ్ లైట్ పెట్టుకుంటే ముఖం నిప్పుల్లా అవుతోందని, మాస్కు తెచ్చి బల్ల మీద పెట్టాడు. మాస్కు బాగానే ఉంది. ఏం రాసుకుంటావని మూడుసార్లు అడిగితే, "ఏం లేదు మేడం, మామూలు ఫెయిర్‌నెస్ క్రీమే" అన్నాడు. నాలుగోసారి ఫోన్‌లో ఫొటో చూపించాడు. మొమెటసోన్ ఉన్న ట్యూబు, ఏడాదిన్నరగా రాస్తున్నాడు. మాస్కు గురించి చదివి, క్రీమ్ ఇక అవసరం లేదనుకుని ఉన్నట్టుండి ఆపేశాడు. ఆ మంట లైట్ వల్ల వచ్చింది కాదు, స్టెరాయిడ్ ఆపడం వల్ల వచ్చింది. ఆ పిల్లవాడు బావి దగ్గర అద్దం చూసుకోవడం కూడా మానేశానని చెప్పినప్పుడు నాకు చాలా బాధేసింది. డాక్టరుగారు నెమ్మదిగా తగ్గించుకుంటూ మాన్పించారు. తేరుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది.

మీది అలాంటి ట్యూబేనని నేను అనడం లేదు. కానీ మీ బుగ్గల మీద లైట్ పెట్టే ముందు అది తేలాలి. ట్యూబు మీద బ్రాండు పేరు కింద సన్నటి అక్షరాల్లో మందుల పేర్లు ఉంటాయి. మొమెటసోన్, బీటామెథసోన్, క్లోబెటసాల్, ఫ్లూసినోలోన్, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అది స్టెరాయిడ్. కనిపించిందని ఈ రాత్రి నుంచే ఆపేయకండి. ఎన్ని నెలలుగా రాస్తున్నారో గుర్తు చేసుకుని, ట్యూబు చేత్తో పట్టుకుని చర్మ డాక్టరు దగ్గరికి వెళ్లండి. కావలిలోనో, ఒంగోలులోనో, నెల్లూరులోనో, మీకు ఏది దగ్గరైతే అది. ఈలోగా ఆ అక్షరాలు కనిపించేలా ఫొటో తీసి ఇక్కడ పెడితే చదివి చెబుతాను. అప్పటిదాకా మాస్కును పెట్టెలోనే ఉంచండి. పగటిపూట గొడుగు, సన్‌స్క్రీన్ మాత్రం మానవద్దు.